అడిగితే పోయే అనుమతి

నేనేం ఉద్యోగం చేసేదాన్నో మిషిగన్‌లో మేముండే నోవై ఊళ్లో మా పిల్లల ఈడువాళ్లెవరికీ సరిగ్గా తెలియదు. "ఆంటీ స్టేట్ గవర్నమెంట్‌లో ఏదో చేసేవారు" అని పరిచయం చేసి, సమోసాల వైపు వెళ్లిపోతారు. ఆ 'ఏదో' ఏమిటంటే బోర్డులు. సర్వీసులో ఎక్కువ భాగం హైవేల పక్కన పెట్టే బోర్డుల పనే చూశాను. బోర్డు ఎంత ఎత్తున ఉండాలి, అక్షరం ఎంత లావుండాలి, వేగంగా వచ్చేవాడికి ఎంత దూరం నుంచి కనబడాలి, అన్నీ పుస్తకంలో ఉంటాయి. పుస్తకం తీసి చూడటం, అందులో ఉన్నది చెప్పటం. అయోమయానికి చోటులేని పని కాబట్టి నాకు బాగా నచ్చేది.

రిటైర్మెంట్ దగ్గరపడుతున్న రోజుల్లో నన్ను ఉత్తరాన ఒక చిన్న ఊళ్లో, అడవి దారుల సంగతి చూసే ట్రైల్స్ ఆఫీస్‌కి మార్చారు. అప్పటి నుంచి నాకేదీ అర్థం కావటం మానేసింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్లు, పుస్తకంలో అన్నీ ఉంటాయని నాలాగే నమ్మేవాళ్లు, ఈ సంగతి వింటే బాగుంటుందని రాస్తున్నాను. విన్నాక మీకేమైనా బోధపడితే నాక్కూడా చెప్పండి.

ఉత్తర మిషిగన్‌లో చలికాలమంతా అడవుల్లో స్నోమొబైల్స్ తిరుగుతాయి. స్కూటర్ మీద కూర్చున్నట్టే కూర్చుంటారు. కింద చక్రాల బదులు ముందు స్కీలు, వెనక రబ్బరు పట్టా. వాటికోసం అడవిలో పొడవాటి దారులున్నాయి. ఆ దారుల దగ్గరుండే మోటెళ్లు, గ్యాస్ స్టేషన్లు, చిన్న చిన్న రెస్టారెంట్లు అన్నీ ఆ బండ్లవాళ్ల మీదే బతుకుతాయి. ఎటు తిరిగితే తిండి దొరుకుతుందో బండ్లవాళ్లకు తెలియాలి కాబట్టి బోర్డులు పెట్టుకుంటారు. ఆ బోర్డులు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూడటం నా వంతు.

నిబంధనలు చెప్పుకోవడానికి ఎంతో లేవు. వ్యాపారం పేరు, అక్కడ దొరికేదేమిటి, ఎటు వెళ్లాలి, అంతవరకే రాయాలి. దారులు కలిసేచోటే పెట్టాలి. ఎరుపు, పసుపు, నారింజ రంగులు హెచ్చరికలకు మాత్రమే కాబట్టి వాటి జోలికి పోకూడదు. చెట్లకు మేకులు కొట్టకూడదు. మంచు కరగ్గానే తీసెయ్యాలి. చిట్టచివర ఒక చిన్న వాక్యం: స్థల యజమాని అనుమతి ఉండాలి. ఎందుకంటే ఈ దారుల్లో చాలా భాగం ఎవరో ఒకరి సొంత భూమిలోంచి పోతుంది. నన్ను ముంచింది ఆ చివరి వాక్యమే.

మా బాస్ మంచివాడు, పొడుగరి, ఏ ప్రశ్న అడిగినా "అది సందర్భాన్ని బట్టి ఉంటుంది" అనేవాడు. కాఫీలో పాలున్నాయా అని అడిగినా అదే జవాబు వస్తుందేమోనని నేను అడిగేదాన్ని కాదు. ఒక ఉదయం ఆయన నా బల్ల దగ్గరికొచ్చి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు.

"ఇది మీ భాషేనా?" అన్నాడు.

చూసి నా కళ్లను నేను నమ్మలేకపోయాను. మంచులో, పైన్ చెట్ల మధ్య, రెండు చెట్లకు కట్టిన పెద్ద ఫ్లెక్సీ. ఎర్రటి రంగు మీద తెల్లటి అక్షరాలు. పైన తెలుగులో 'సుస్వాగతం', కింద ఇంగ్లీషులో రెస్టారెంట్ పేరు, బజ్జీలు, బర్గర్లు, చిల్లీ. ఒక పక్క భర్త, ఇంకోపక్క భార్య నమస్కారం పెడుతూ నిలువెత్తు ఫొటోలు.

"వీళ్లు ఎలక్షన్లో నిలబడ్డారా?" అన్నాడు బాస్.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన ఊళ్లలో పుట్టినరోజుకూ ఫ్లెక్సీయే, పెద్దాయన పోయినా ఫ్లెక్సీయే అని ఆయనకెలా చెప్పేది? ఇక్కడ ఎర్రరంగు కనిపిస్తే బండి ఆపమని అర్థం. మలుపు తిరగ్గానే అంత ఎరుపు కనబడేసరికి ఎవరో గట్టిగా బ్రేక్ వేశాడు, వెనకొచ్చేవాడు వచ్చి అతన్ని గుద్దాడు. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బలు తగల్లేదు. "మీరు వెళ్తే బాగుంటుందేమో" అన్నాడు బాస్. సందర్భాన్ని బట్టి అనకుండా ఆయన ఒక నిర్ణయం చెప్పింది ఆ ఒక్కసారే.

రెస్టారెంట్ ఊరికి కొంచెం అవతల, రోడ్డు పక్కన ఉంది. లోపల బల్లలన్నీ శుభ్రంగా తుడిచి ఉన్నాయి, ఒక్క మనిషి లేడు. నన్ను చూడగానే అతను కౌంటర్ వెనక నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"మేడం, మీరు మనోళ్లేనా! దేవుడే పంపిండు."

"దేవుడు కాదు, ట్రైల్స్ ఆఫీస్ పంపింది. ముందు ఆ ఫ్లెక్సీ తియ్యండి."

వంటగదిలోంచి అతని భార్య తొంగిచూసింది. "ఆంటీ, కూర్చోండి. వేడివేడిగా బజ్జీలు వేస్తున్నా. నే చెప్పా ఈయనకి, ఫొటోలొద్దండీ అని. వింటేగా!"

"ఫొటో లేకుంటే ఓనర్లు ఎవరో ఎట్ల తెలుస్తది?" అన్నాడతను, నిజంగా అర్థంకాక.

బజ్జీలు తింటూ వాళ్ల సంగతి విన్నాను. అతనిది వరంగల్ వైపు, ఆమెది గుంటూరు. నోవైలో కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ చేసేవాడు. ఏళ్లకేళ్లు హెచ్-వన్ వీసా మీద ఉండి, ఎప్పటికో గ్రీన్‌కార్డ్ వచ్చాక ప్రాజెక్ట్ పోయింది, ఉద్యోగమూ పోయింది. ఇక ఒకరి కింద చేయనని పట్టుబట్టి, ఇల్లు అమ్మి, మూతపడి ఉన్న ఈ రెస్టారెంట్ కొన్నాడు. పైన రెండు గదుల్లో కాపురం. "ట్రైల్ పక్కనే ఉంది" అని అమ్మినవాడు చెప్పింది నిజమే. కానీ మధ్యలో దట్టమైన అడవి. బండ్ల చప్పుడు వంటగదిలోకి వినబడుతుంది, మనుషులు మాత్రం రారు.

"ఈ వింటర్ గడిస్తే నిలబడతం మేడం. లేకుంటే మూసుడే. మళ్లీ పోనీకి నోవైల ఇల్లు గూడ లేదు" అన్నాడు. ఆమె ఇంకో వాయి తెచ్చి పెట్టింది. 

ట్రైల్ మీద రోడ్డువైపు దారి చీలేచోట చిన్న బోర్డు, గోధుమరంగు మీద తెల్ల అక్షరాలు, బాణం గుర్తు. అది పెట్టుకుంటే చాలని బొమ్మ గీసి చూపించాను. ఆ చీలిక ఒక ముసలాయన భూమిలో ఉంది. "ఆయన అనుమతి తీసుకోండి" అన్నాను. నిబంధనలో ఉన్నది అదే. ఇంకేం చెప్పాలి?

మర్నాడే అతను ఫ్లెక్సీ తీసేసి ముసలాయన దగ్గరికి వెళ్లాడు. ఎలా వెళ్లాడో తర్వాత తెలిసింది. అమెరికాలో ఇన్నేళ్లు బతికిన మనవాళ్లు ఎవరి ముందుకైనా ఎలా వెళ్తారో అలాగే వెళ్లాడు. వీసా ఇంటర్వ్యూకి వెళ్లినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రంగురంగుల ట్యాబులు పెట్టిన లావుపాటి ఫైలు పట్టుకుని వెళ్లాడు. అందులో పాస్‌పోర్ట్ కాపీలు, గ్రీన్‌కార్డ్ కాపీలు, ఇన్సూరెన్స్, రెస్టారెంట్ లైసెన్స్, మ్యాపు, ఫొటోలు. అన్నిటికీ పైన ఇంటర్నెట్‌లో దొరికిన ఒక అనుమతి పత్రం, సంతకం పెట్టాల్సిన చోట్ల పసుపు స్టిక్కర్లు. ముసలాయన గుమ్మంలోనే ఫైలు తీసుకుని, "చదువుతాను" అని తలుపేసుకున్నాడట. "చాలా మంచాయన మేడం, ఒక్క ప్రశ్న గూడ అడగలె" అని నాకు సంబరంగా ఫోన్ చేశాడు.

ఆ తర్వాతి ఉదయం ముసలాయన భూమిలో ట్రైల్‌కి అడ్డంగా గొలుసు పడింది.

ఆ దారి తెగితే ఇటునుంచి అటు పోవడానికి వేరే మార్గం లేదు. బండ్లన్నీ వెనక్కి మళ్లాయి. మోటెల్‌వాళ్లకు బుకింగుల రద్దులు మొదలయ్యాయి, గ్యాస్ స్టేషన్‌వాడు మా ఆఫీస్‌కొచ్చి అరిచాడు. ఇదంతా బజ్జీల వాళ్ల వల్లేనని సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. అప్పుడప్పుడూ ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చే ఆ రెస్టారెంట్‌కి ఇక ఒక్కరు కూడా రాలేదు.

ఆ దారులను చూసుకునే స్నోమొబైల్ క్లబ్‌కి ఒక ప్రెసిడెంట్ ఉండేది. బడిబస్సు నడిపే మనిషి. తెల్లవారకముందే పెద్ద యంత్రంతో మంచు చదును చేసి, ఆ తర్వాత పిల్లల్ని బడికి చేర్చేది. ఆమె నా ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన్ని ఎవరైనా అడుగుతారా?" అంది.

"అడక్కుండా అనుమతి ఎలా వస్తుంది?" అన్నాను.

"ఉండనే ఉందిగా. వాళ్ల నాన్న కాలం నుంచీ ఉంది."

"ఎక్కడుంది? నాకు చూపించండి."

ఆమె నావైపు జాలిగా చూసింది. ప్రతి శరదృతువులోనూ క్లబ్‌వాళ్లు వెళ్లి ఆయన పొలంలో పడిపోయిన చెట్లు కోసి, చీల్చి, కట్టెలు పేర్చి వస్తారు. సీజన్ అయిపోయాక భూమి ఉన్నవాళ్లందరికీ క్లబ్ హాల్లో భోజనం పెడతారు. ఆయన వస్తాడు, తింటాడు, వాతావరణం గురించి మాట్లాడతాడు, వెళ్లిపోతాడు. ట్రైల్ ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే పద్ధతి.

"అంటే అనుమతి ఉన్నట్టా, లేనట్టా?" అన్నాను.

"అడగనంతవరకు ఉన్నట్టే."

నేను బాస్ దగ్గరికి వెళ్లాను. నిబంధనలో అనుమతి ఉండాలని ఉంది గాని, అడగాలని లేదు, రాతపూర్వకంగా అని కూడా లేదు, మరి తల ఊపడం అనుమతేనా, ఊరుకోవడం అనుమతేనా అని అడిగాను. ఆయన ఏమన్నాడో మీకు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లు బోర్డుల పని చేసి కూడా, దారి ఎటో చెప్పే బోర్డు ఒక్కటి నాకు కనబడలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ భార్యాభర్తలిద్దర్నీ కార్లో ఎక్కించుకుని ముసలాయన ఇంటికి బయల్దేరాను. ఏం చెప్పాలో నాకే తెలియదు. బతిమాలితే అడిగినట్టే. అడిగితే ఆ ఉన్నది కూడా పోతుంది. ఆమె ఒళ్లో బజ్జీల డబ్బా పెట్టుకుని కూర్చుంది. "అడగద్దంటున్నారుగా ఆంటీ, మరి వెళ్లి ఏం చేస్తాం?" అంది.

"నాకూ తెలీదమ్మా. కూర్చుని వద్దాం."

ముసలాయన మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టాడు. బల్లమీద ఆ ఫైలు తెరిచే ఉంది. ప్రతి కాగితం చదివినట్టున్నాడు, ట్యాబులన్నీ నలిగిపోయి ఉన్నాయి.  ఆయన పై కాగితం మీద ఒకచోట వేలు పెట్టాడు.

"ఇక్కడ, ఈ అనుమతిని ఎప్పటికీ రద్దు చేయరాదు అని ఉంది. నా భూమి గురించి నేను మనసు మార్చుకోకూడదా?"

నేను మా వాడి వైపు తిరిగాను. "అదెందుకు పెట్టావయ్యా?" అన్నాను తెలుగులో.

 అతను ముసలాయనకే ఇంగ్లీషులో, మెల్లగా, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "ఈ దేశంలో ఇన్నేళ్లూ నేను రద్దయ్యే కాగితాల మీదే బతికాను సర్. ఉద్యోగం పోతే వెళ్లిపోవాలి. కొత్త రూల్ వస్తే వెళ్లిపోవాలి. సోఫా కొనాలన్నా, ఇక్కడే ఉంటామో లేదో అని ఆలోచించేవాళ్లం. అందుకే రద్దవనిదేదైనా ఒక్కటి చేతిలో ఉంటే బాగుండునని పెట్టాను. మీ భూమి తీసుకోవాలని కాదు."

పక్కన ఆమె తల వంచుకుని డబ్బా మూత గోకుతోంది.

"నిన్ను ఎవరైనా వెళ్లిపొమ్మన్నారా?" అని అడిగాడు ముసలాయన.

"లేదు. అంటారేమోనని బతికాం."

 "నేను కూడా ఎప్పుడూ ఎవర్నీ వెళ్లిపొమ్మనలేదు" అన్నాడు ముసలాయన.

"రేపు అనొచ్చు కదా సర్?"

"అనొచ్చు" అన్నాడాయన. ఫైలు మూసి, రెండు చేతులతో అతనికి తిరిగి ఇచ్చాడు. తర్వాత ఈసారి మంచు గట్టిగా లేదనీ, ఇంకా పడాలనీ ఏదో మాట్లాడాడు. మేం లేచి వచ్చేశాం. బజ్జీల డబ్బా ఆ బల్లమీదే ఉండిపోయింది.

కార్లో కూర్చున్నాం, నేనింకా తాళం తిప్పలేదు.

"ఒప్పుకున్నడా మేడం?" అన్నాడతను.

"ఏమో."

"ఒప్పుకోలేదా?"

"అదీ తెలీట్లేదు."

"అనొచ్చు అన్నాడుగా" అంది ఆమె. "అంటాను అనలేదుగా."

మనం పద్దెనిమిది రకాల కాగితాలు నింపినా రాని మాట అది. కానీ దాంతో ఏం చేసుకోవాలో ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు. అతను ఫైలు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. నాకతని మీద కోపమూ వచ్చింది, పాపం అనీ అనిపించింది.

ఆ వారం మంచు బాగా పడింది. ఒక ఉదయం ప్రెసిడెంట్ ఫోన్ చేసి గొలుసు లేదంది. ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో ఎవరికీ తెలియదు. ఎవరూ వెళ్లి థాంక్స్ చెప్పొద్దని కూడా గట్టిగా చెప్పింది. బండ్లు మళ్లీ తిరగసాగాయి. రెస్టారెంట్‌కి మాత్రం బోర్డు లేదు. మళ్లీ అడిగే ధైర్యం మా ఎవరికీ లేదు. వెనక అడవిలో బండ్ల చప్పుడు, ముందు ఖాళీ బల్లలు.

కొన్నాళ్లకి తనిఖీకి వెళ్లిన మా ఆఫీసు మనిషి తిరిగొచ్చి, "నువ్వోసారి చూడాలి" అన్నాడు. పెదవులు బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు. ప్రెసిడెంట్ యంత్రం ఎక్కి వెళ్లాను.

దారి చీలేచోట పెద్ద మేపుల్ చెట్టుకు ఒక పాత చెక్క పలక మేకులతో కొట్టి ఉంది. పశువుల కొట్టాలకు వేసే ఎర్రరంగుతో, వంకరటింకర అక్షరాలతో 'తిండి' అని ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట. కింద బాణం. బాణం సూటిగా మా వాళ్ల రెస్టారెంట్ వైపు. అక్కణ్ణించి అడవిలోకి కొత్తగా కొమ్మలు కొట్టి చేసిన సన్నటి దారి.

నేను యంత్రంలోనే కూర్చుండిపోయాను. ఎర్రరంగు, తప్పు. చెట్టుకు మేకులు, తప్పు. వ్యాపారం పేరు లేదు, తప్పు. నా సర్వీసు మొత్తంలో ఒకే బోర్డు మీద అన్ని తప్పులు చూడలేదు. కానీ ఆ చిట్టచివరి వాక్యం, స్థల యజమాని అనుమతి? కొట్టింది ముసలాయనే, ఆ చెట్టును ముట్టుకునే ధైర్యం ఇంకెవరికీ లేదు. తన భూమిలో, తన చెట్టుకి, తన పలక ఆయన కొట్టుకుంటే అది వ్యాపార ప్రకటనేనా? అసలు నా పరిధిలోకి వస్తుందా? బాస్‌ని అడగబోయి మానుకున్నాను.

రంగు ఒక్కటే నన్ను వదల్లేదు. మళ్లీ ఎవరైనా బ్రేక్ వేస్తే? ఆయన దగ్గరికెళ్లి రంగు మార్చమనడం అంటే అడగడమే. హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి ఒక గోధుమరంగు డబ్బా, ఒక తెల్లరంగు డబ్బా, ఒక కుంచె కొన్నాను. ముసలాయన ఇంటి మెట్ల మీద పెట్టాను. తలుపు తట్టలేదు, చీటీ పెట్టలేదు. ఆయన కుక్క నన్ను చూసి మొరిగింది. దొంగలా పరుగెత్తుకొచ్చి కారెక్కాను. ప్రభుత్వోద్యోగిగా నేను జారీ చేసిన ఆఖరి ఉత్తర్వు అదే.

తర్వాతసారి వెళ్లేసరికి పలక గోధుమరంగులో ఉంది, అక్షరాలు తెల్లగా ఉన్నాయి. మేకులు మాత్రం అలాగే ఉన్నాయి. చెట్టు ఆయనది, నేను మాట్లాడలేదు. రెస్టారెంట్ ముందు బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. ఆ వింటర్ గడిచింది.

ఆ చలికాలం మీద రాసిన రిపోర్టులో 'అనుమతి ఉందా' అన్నచోట ఏం రాయాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగినా నాకు తెలియదు.

ఇప్పటికీ ప్రతి ఏడూ మంచు కరగ్గానే ముసలాయన ఆ పలక పీకి కొట్టంలో పడేస్తాడు. ఆ ఒక్క నిబంధన మాత్రం ఎవరూ చెప్పకుండానే పాటిస్తాడు. మళ్లీ పెడతాడో లేదో తొలిమంచు పడేదాకా ఎవరికీ తెలియదు. రద్దవనిదేదో ఒక్కటి కావాలన్న మనిషి ఏటా ఆ ఉదయం చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా అడవిలోకి వెళ్లి చూసొస్తాడట.

మొన్న నోవైలో మంచు మొదలైన రోజు నాకు ఫోన్ వచ్చింది.

"పెట్టిండు మేడం" అన్నాడు. వెనక మూకుట్లో బజ్జీలు వేగుతున్న చప్పుడు వినిపించింది.

"ఆయన్నేమైనా అడిగావా?"

"అయ్యో, నేనెందుకు అడుగుత మేడం?" అన్నాడు.